చప్పుడు చెయ్యని కవాటం

పిల్లలూ! వీధిలో మోటారు సైకిలు పోతూంటే, దాన్ని చూడకుండానే అది ఏ బండో మీరు చెప్పగలరా? చెప్పగలరనే నేననుకుంటాను. మా తిరుచానూరులో పద్మసరోవరం పక్క సందుల్లో ఆడుకునే పిల్లలు కళ్ళు మూసుకుని కూడా, "అదుగో, బుల్లెట్టు వస్తున్నది!" అని చెప్పేస్తారు. "డగ్, డగ్, డగ్" అని దాని పొగగొట్టం చేసే చప్పుడు అలాంటిది.

అయితే ఆ పెద్ద చప్పుడు చాటున ఇంకొక చిన్న చప్పుడున్నది. బండి ఆగి ఉండి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు, దగ్గరికి వెళ్ళి చెవి ఒగ్గితే అది వినిపిస్తుంది. "టిక్, టిక్, టిక్" అని, పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఉంటుంది. ఈ నెల మీకు ఆ చిన్న చప్పుడు సంగతి చెబుతాను.

నేను హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనాను. నా దగ్గర ఒక పాత 350 సి.సి. బుల్లెట్టున్నది. దానిమీద శ్రీకాళహస్తికీ, కాణిపాకానికీ, పులికాట్ సరస్సుకూ, హార్సిలీ కొండకూ ఎన్నిసార్లు పోయివచ్చానో లెక్కలేదు. దాని కవాటాలు నేనే సర్దుకుంటాను. "ఈ వయసులో మీకెందుకు సార్ ఆ నూనె మురికి?" అని కొందరు అడుగుతూంటారు. ఎందుకో ఇది పూర్తిగా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు ఇంజను ఎలా పనిచేస్తుందో చూద్దాం. అందులో సిలిండరు అనే గుండ్రని గొట్టం ఉన్నది. ఆ గొట్టంలో ముషలకం పైకీ కిందికీ ఆడుతుంది. మెకానిక్కులు దీన్ని పిస్టను అంటారు. మా బండి సిలిండరు లోపలి అడ్డుకొలత 7 సెంటీమీటర్లు. పిస్టను ఒక్కసారి కదిలే దూరం 9 సెంటీమీటర్లు. మీరు బడిలో నేర్చుకున్న లెక్క ఒకసారి వెయ్యండి. వ్యాసార్ధం 3.5. దాన్ని దానితోనే గుణించి, 22/7 తో గుణించి, మళ్ళీ 9 తో గుణించండి. 346.5 ఘన సెంటీమీటర్లు వస్తుంది. బండిమీద "350" అని రాసేది ఈ లెక్కనుబట్టే! అక్కడ సి.సి. అంటే ఘన సెంటీమీటర్లు అన్నమాట.

పిస్టను నాలుగుసార్లు కదిలితే ఒక ఆవృత్తి పూర్తవుతుంది. మొదటిసారి కిందికి దిగి గాలినీ పెట్రోలు ఆవిరినీ పీల్చుకుంటుంది. రెండవసారి పైకి వచ్చి వాటిని అదుముతుంది. అప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టి ఆ మిశ్రమం మండుతుంది. ఆ మంట తోపుకు మూడవసారి పిస్టను కిందికి దిగుతుంది. బండి నడిచేది ఈ బలంతోనే. నాలుగవసారి పైకి వచ్చి, కాలిపోయిన పొగను బయటికి నెడుతుంది.

గాలి లోపలికి రావటానికి ఒక తలుపూ, పొగ బయటికి పోవటానికి ఇంకొక తలుపూ కావాలి గదా? ఆ తలుపులే కవాటాలు. మన గుండెలో కూడా ఇలాంటి కవాటాలు నాలుగున్నాయి. బండి కవాటం చూడటానికి కాడతో ఉన్న పుట్టగొడుగులా ఉంటుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కొక్క కవాటం నిమిషానికి 1,500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు, తెరుచుకుని మూసుకుంటుంది. గంటసేపు ప్రయాణం చేస్తే 90,000 సార్లు! మీ ఇంటి తలుపు అన్నిసార్లు తెరిచి మూస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఈ తలుపుల్ని తెరిచేదెవరు? ఇంజను అడుగున ఒక వైపు ఉబ్బెత్తుగా ఉండే చక్రాలు తిరుగుతూంటాయి. ఆ ఉబ్బు పుష్‌రాడ్ అనే కడ్డీని పైకి నెడుతుంది. కడ్డీ పైన ఏతం మానులాంటి చిన్న మీట ఉన్నది. కడ్డీ ఒక కొసను పైకెత్తితే, రెండవ కొస కవాటాన్ని కిందికి నొక్కి తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు కవాటాన్ని మూసేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడున్నది. లోహం వేడెక్కితే పెరుగుతుంది. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వెయ్యటం ఎప్పుడైనా చూశారా? మా చిన్నతనంలో కమ్మరి ఆ పట్టాను మంటల్లో ఎర్రగా కాల్చేవాడు. కాలిన పట్టా పెరిగి చక్రంమీదికి సులువుగా దిగేది. వెంటనే నీళ్ళు పోస్తే "చుయ్" మని ముడుచుకుని కర్రను గట్టిగా పట్టేసేది. ఇంజనులో కూడా ఇదే జరుగుతుంది. 20 సెంటీమీటర్ల ఉక్కు కడ్డీని 100 డిగ్రీలు వేడిచేస్తే సుమారు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే పొడవు అల్యూమినియం కడ్డీ దానికి దాదాపు రెట్టింపు పెరుగుతుంది. పావు మిల్లీమీటరంటే ఏమంతలే అనిపిస్తుంది. కాని కవాటం మూసుకునే చోట అది చాలా ఎక్కువ. కొన్ని చిన్న బళ్ళలో కవాటానికీ మీటకూ మధ్య వదలవలసిన సందు 0.05 మిల్లీమీటరు మాత్రమే. అది మన తలవెంట్రుక మందమంత!

ఆ సందు ఎక్కువయితే ఏమవుతుంది? మీట కొంతదూరం ఊరికే కదిలి, ఆ తరువాత కవాటాన్ని "టక్" మని కొడుతుంది. చప్పుడు పెద్దదవుతుంది. కవాటం పూర్తిగా తెరుచుకోదు. బండి కొంచెం బలం తగ్గుతుంది, భాగాలు త్వరగా అరుగుతాయి. ఇది మంచిది కాదు. అయినా బండి మనకు చెప్పుకుంటూనే ఉన్నది గదా?

సందు తక్కువయితే? చప్పుడే ఉండదు. బండి మెత్తగా, హాయిగా నడుస్తున్నట్టుంటుంది. కాని వేడెక్కినప్పుడు కవాటం పూర్తిగా మూసుకోదు. తలుపు ఓరగా ఉండిపోయినట్టన్నమాట. పొగ పోయే కవాటం మంట మధ్యనే బ్రతుకుతుంది. దాని వేడి సుమారు 700 డిగ్రీలదాకా పోగలదు. అది చల్లారేది ఎలాగంటే, మూసుకున్నప్పుడు తన గూటికి ఆనుకుని, వేడిలో ఎక్కువ భాగాన్ని ఆ గూటికి ఇచ్చేస్తుంది. అమ్మ వేడిపాల గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లార్చదూ, అలాగే! కవాటం గూటికి ఆనకపోతే ఆ వేడి పోయే దారిలేదు. పైగా ఓరగా ఉన్న సందులోంచి మంట దూసుకుపోతూ దాని అంచును కాల్చివేస్తుంది.

ఈ సంగతి నాకు పుస్తకంలో కాక అడవిలో తెలిసింది. అది 1991 వేసవి. తలకోన జలపాతం చూద్దామని నేనూ, నా భార్యా, ఆరేళ్ళ మా అమ్మాయీ బయలుదేరాం. అంతకు రెండు నెలల ముందు బండిని పట్నంలో ఒక మెకానిక్కుకు ఇచ్చాను. అతను టాపెట్లు సర్ది, "చూడండి సార్, చప్పుడన్నదే లేకుండా చేశాను!" అన్నాడు. నిజంగానే బండి గుసగుసలాడినట్టు నడిచింది. చంద్రగిరి దాటి, భాకరాపేట కనుమ ఎక్కటం మొదలుపెట్టాం. ఎండ, ఎక్కుడు, బండిమీద ముగ్గురం, సామాను. సగం దూరం పోయేసరికి బండి నీరసించింది. గేరు తగ్గించాను. ఇంకా తగ్గించాను. ఒక మలుపులో ఆగిపోయింది. కిక్కు కొడితే కాలికి ఏ అడ్డూ తగలకుండా, నీళ్ళలోకి దిగినట్టు దిగిపోయింది. సిలిండరులో గాలి నిలవటం లేదన్నమాట.

చుట్టూ శేషాచలం అడవి. పొద్దు వాలుతున్నది. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. "నాన్నా, బండికి జ్వరమొచ్చిందా?" అని మా అమ్మాయి అడిగింది. దానికి జవాబు చెప్పటం నాకు చేతకాలేదు. చీకటి పడేవేళకు ఒక లారీ డ్రైవరు దయతలచి, మమ్మల్నీ బండినీ ఎక్కించుకుని పీలేరులో దించాడు.

పీలేరులో ఒక ముసలాయన షెడ్డున్నది. ఆయన పూర్వం సైన్యంలో బళ్ళు బాగుచేసినవాడు. మరునాడు పొద్దున్నే ఇంజను తల విప్పి, పొగ కవాటాన్ని బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. దాని అంచు ఒకచోట ఎలుక కొరికిన అప్పడంలా ఉన్నది.

"రెండు నెలలుగా ఒక్క చప్పుడు కూడా లేదే!" అన్నాను.

ఆయన నవ్వాడు. "అదే గదా సామీ, దాని జబ్బు! మాట్లాడే వాల్వుతో భయంలే. మాట్లాడని దాన్నే కనిపెట్టుకోవాల. అయ్యవార్లు మీకు తెలీదా, తరగతిలో అల్లరి చేసే పిలకాయల సంగతి?"

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. ట్రెయినింగు కాలేజీలో మా గురువులు కూడా ఇంచుమించు ఇదే చెప్పారు. అల్లరి చేసే పిల్లవాణ్ణి ఏ మేష్టరైనా గమనిస్తాడు. వాడు తనకేమి కావాలో గోలచేసి చెబుతాడు. మూడవ బెంచీలో ఒక మూల కూర్చుని, "అర్థమయిందా?" అంటే "అయిందండీ" అనే పిల్లవాడు వేరు. వాడికి కళ్ళు సరిగా కనబడకపోవచ్చు. ఇంట్లో తిండి లేకపోవచ్చు. పరీక్ష వచ్చేదాకా బయటపడదు. పాఠం అయిపోగానే ముందు అలాంటి పిల్లల దగ్గరికే వెళ్ళాలని మా గురువులు చెప్పేవారు. నేను పనిచేసినన్నాళ్ళూ అలాగే చేశాను. ఆ ముసలాయన ఇనుపముక్క పట్టుకుని ఆ పాఠమే చెప్పాడు.

కొత్త కవాటం వేసి, దాన్ని గూటిలో నూరి, బండి సిద్ధంచెయ్యటానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. నేను ఆ రెండు రోజులూ పక్కనే కూర్చుని పని నేర్చుకున్నాను. అప్పటినుంచి ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు.

ఇప్పుడు ఆ పని ఎలా చేస్తారో చెబుతాను. ఇది పెద్దలు చేసే పని. మీరు పక్కన ఉండి చూడవచ్చు, సాయం చెయ్యవచ్చు.

మొదటి నియమం: ఇంజను పూర్తిగా చల్లారాలి. అందుకని రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లవారి ఎండెక్కకముందే నేను మొదలుపెడతాను. బండిని నడిమి స్టాండుమీద నిలబెట్టి ప్లగ్గు ఊడదీస్తాను. నాలుగవ గేరులో వేసి వెనుక చక్రాన్ని ముందుకు తిప్పితే ఇంజను కూడా మెల్లగా తిరుగుతుంది. ప్లగ్గు రంధ్రంమీద వేలు పెడితే, ఒక సమయంలో గాలి వేలిని పైకి తోస్తుంది. అంటే రెండు కవాటాలూ మూసుకున్నాయి, పిస్టను పైకి వస్తున్నదని గుర్తు. అప్పుడు ఆ రంధ్రంలో పొడుగాటి ప్లాస్టిక్ స్ట్రా ఒకటి నిలబెట్టి, చేత్తో పట్టుకునే ఉంటాను. అది పైకి లేచి, ఇక లేవకుండా ఎక్కడ ఆగుతుందో అక్కడ చక్రం తిప్పటం ఆపాలి. పిస్టను శిఖరానికి చేరిందన్నమాట.

సిలిండరు అడుగున కుడివైపు ఒక చిన్న మూత ఉన్నది. దానికింద గుడ్డ పరిచి మూత తీస్తే కొంచెం నూనె కారి, లోపల రెండు పుష్‌రాడ్ల అడుగు భాగాలు కనిపిస్తాయి. ఒకటి గాలి కవాటానిది, ఒకటి పొగ కవాటానిది. ఈ పాత బుల్లెట్టులో ఏ భాగం ఎంత పెరుగుతుందో లెక్కవేసి, చల్లని ఇంజనుకు సందు "సున్న" ఉండాలని తయారుచేసినవారు నిర్ణయించారు. సున్న సందును కొలవటం ఎలా? దానికి పనిముట్టు మన వేళ్ళే! దీపానికి వత్తి చేసేటట్టు కడ్డీని రెండు వేళ్ళమధ్య తిప్పిచూడాలి. అది సులువుగా తిరగాలి. కాని పైకీ కిందికీ కదలకూడదు. తిరగకపోతే బిగువు ఎక్కువ. పైకీ కిందికీ ఆడితే వదులు ఎక్కువ.

సరిగా లేకపోతే, కడ్డీ అడుగున ఉన్న మరను ఒక పానాతో కదలకుండా పట్టుకుని, ఇంకొక పానాతో దాని బిగింపు నట్టును సడలించి, మరను కొద్దికొద్దిగా తిప్పాలి. కడ్డీ పొడవు ఆ మేరకు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. సరిపోయాక నట్టు బిగించాలి. పని అయిపోయిందని లేచిపోకూడదు! నట్టు బిగించటంలోనే కొలత మారవచ్చు. అందుకని మళ్ళీ కడ్డీ తిప్పిచూడాలి. తరువాత ఇంజనును కొన్ని చుట్లు తిప్పి, పిస్టనును మళ్ళీ శిఖరానికి తెచ్చి, ఇంకొకసారి చూడాలి. లెక్క చేశాక తాళా చూసుకోమని మీ మేష్టరు చెబుతారు గదా, ఇదీ అంతే.

మొన్న మా మనవరాలు టార్చిలైటు పట్టుకుని నా పక్కన కూర్చున్నది. నేను సరిచేశాక దాన్ని తిప్పిచూడమన్నాను. అది చిన్న వేళ్ళతో తిప్పి, "తాతా! ఇది తిరుగుతుంది, కానీ ఎగరదు" అన్నది. ఏ మెకానిక్కూ ఇంతకంటే బాగా చెప్పలేడు.

ఆ పనితోపాటే ఇంకొన్ని చూసుకుంటాను. నూనె మట్టం, గొలుసు బిగువు, బ్రేకులు, చక్రాల గాలి, వైర్ల కొసలు. ఒక నోటుబుక్కులో తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని రాసి పెడతాను. బడిలో హాజరుపట్టీ ఎలాగో, బండికి ఆ పుస్తకం అలాగ. ఏ కవాటం మాటిమాటికీ వదులవుతున్నదో, ఏది మెల్లగా బిగుస్తున్నదో అందులో తెలిసిపోతుంది. బిగుస్తూ వస్తున్నదంటే కవాటం గూటిలోకి దిగబడుతున్నదని అనుమానించాలి. చెవికి అందని సంగతి పుస్తకం చెబుతుంది.

ఈ బండి పుట్టుక కూడా మీకు తెలియాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లాండులోని రెడిచ్ అనే ఊరి కంపెనీ. అది 1955లో మద్రాసు మోటార్సు అనే సంస్థతో కలిసి మనదేశంలో ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. ఫ్యాక్టరీ మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో కట్టారు. అది మా తిరుచానూరుకు 150 కిలోమీటర్ల లోపే. మొదట ఇంగ్లాండునుంచి భాగాలు వస్తే ఇక్కడ జోడించేవారు. క్రమంగా అన్నీ ఇక్కడే తయారయ్యాయి. 1970 నాటికి ఇంగ్లాండులో ఆ కంపెనీ మూతపడింది. కాని మన బండి ఆగలేదు. 1977లో ఇక్కడి బుల్లెట్లు ఇంగ్లాండుకే ఎగుమతి కావటం మొదలైంది! పాఠం నేర్చుకున్న శిష్యుడు గురువుగారింటికి కానుక పట్టుకు వెళ్ళినట్టయింది.

ఆ తరువాత ఇంజన్లు మారాయి. 2009 ప్రాంతంలో వచ్చిన క్లాసిక్ రకంలో, నూనె ఒత్తిడితో సందును తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు పెట్టారు. 2020లో వచ్చిన మీటియర్ 350లో మళ్ళీ మనిషే సందు చూసి సర్దవలసిన పద్ధతి వచ్చింది. కనుక మీ ఇంట్లో ఏ బండి ఉన్నా, ముందు దానితో వచ్చిన పుస్తకం చదవాలి. మా బండి "సున్న" మీ బండికి పనికిరాదు. మీ బండి కొలత మా బండికి పనికిరాదు.

ఇంకొక హెచ్చరిక. ఆపిన బండి పొగగొట్టం చాలాసేపు కాలుతూనే ఉంటుంది, ముట్టుకోవద్దు. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపవద్దు. ఆ పొగలో వాసనలేని విషవాయువున్నది. పెట్రోలు దగ్గర నిప్పు ఉండకూడదు.

లోహం పెరగటం మీరూ కళ్ళారా చూడవచ్చు. వంటింట్లో బిగుసుకుపోయిన రేకు మూత ఉన్న గాజుసీసా ఒకటి అమ్మను అడిగి తీసుకోండి. ఆ మూతను మాత్రమే చెయ్యి ఓర్చేపాటి వేడినీళ్ళలో రెండు నిమిషాలు తలకిందులుగా ఉంచండి. తరువాత గుడ్డతో పట్టుకుని తిప్పండి. లోహం గాజుకంటే ఎక్కువ పెరుగుతుంది కనుక మూత సులువుగా వస్తుంది. అందులో ఊరగాయ ఉంటే మాత్రం, మూత మళ్ళీ బిగించి అమ్మకు ఇవ్వటం మరిచిపోకండేం!